మాస్కులోకి నీళ్ళు

హలో… ఆ, నేనేనండీ, కృష్ణప్రియని. డైవింగ్ షాపు సాంబశివరావు గారి అమ్మాయిని.

నాన్నా… ఉన్నారు. వెనక సిలిండర్లకి గాలి కొడుతున్నారు. మిషన్ మోతకి ఏం వినపడదు. నాకు చెప్పండి.

భానుప్రకాష్ గారా? గుర్తున్నారండీ. పోయిన నెల వచ్చి గంటసేపు తొట్టిలో మొహం ముంచి చూసుకున్నారు. ఐదు మాస్కులు. తొట్టిలో నీళ్ళు మార్చింది నేనే.

నల్లది… ఆ, అదే సరిపోయింది మీకు. రేపొచ్చి తీసుకుంటానన్నారు. నాన్న చీటీ మీద మీ పేరు రాసి పక్కన పెట్టారు.

…ఆన్‌లైన్లోనా. అదే కంపెనీ, అదే సైజు… చౌకగా వచ్చిందా. మంచిదండీ.

లోపలికి నీళ్ళు కారుతున్నాయా?

నకిలీదని మేం అంటామనా? మేమెప్పుడన్నామండీ? అసలు మీరు కొన్నారనే మాకు తెలీదు.

అదీ… నాన్న పొద్దున్నే బోర్డు పెట్టారండీ. 'బయట కొన్న సామానుకు సలహాలు చెప్పబడవు' అని. నేనే రాశాను.

నవ్వకండి. ఈ నెల ఒక్క మాస్కూ అమ్మలేదు. వస్తారు, ముంచి చూస్తారు, ఫొటో తీసుకుని వెళ్తారు. నెలాఖరు దాకా చూసి మూసేద్దామంటున్నారు నాన్న.

ఎప్పుడు? రేపు పొద్దున్నే… హంసలదీవిలోనా? మునిగిన బోటు ఇంజను కోసమా… ముప్పై అడుగులా! ఆ బురదనీళ్ళల్లో, ఈ మాస్కుతోనా?

…

ఉండండి. ఫోను పెట్టేయకండి.

మీసం.

మీ మీసమేనండీ. అంత ఒత్తుగా ఉంటే మాస్కు అంచు రబ్బరు పై పెదవికి అతుక్కోదు. ఆ రోజు నాన్న మీ మీసానికి వాజిలిన్ రాశారు కదా… మరెందుకనుకున్నారు? మర్యాదకా?

మొత్తం తీసెయ్యక్కర్లేదు. ముక్కు కింద సన్నగా గీస్తే చాలు. ముందు బకెట్లో ముంచి చూసుకోండి. చుక్క వచ్చినా దిగకండి. ఒట్టేయండి.

డబ్బులా? పర్లేదండీ… ఏం వద్దు.

ఇంకో ముగ్గురా? వాళ్ళకీ కారుతున్నాయా… వాళ్ళూ ఆన్‌లైన్లోనేనా. మీసాలున్నాయా?

సరే. వాళ్ళకీ చెప్పండి.

మోతా? లేదండీ, మిషన్ ఆగిపోయింది. నాన్న… నా వెనకే ఉన్నారు.

విన్నట్టున్నారు.

మీ మాస్కు ఇంకా పక్కనే ఉందండీ, ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదు. దాని మీద మీ పేరున్న చీటీ పీకేసి, అమ్మే మాస్కుల్లో పెడుతున్నారు.

…ఉంటానండీ.