బిస్కట్‌కి కట్టిన గూడు

క్వీన్స్‌లాండ్‌లో మకాయ్ ఊరి చివర, కొండచిలువలకు గాజు గూళ్ళు కట్టే గ్లెనిస్ రేకుల షెడ్డు. భోజనాల వేళ దాటింది.

“—ముట్టుకోకు! ముట్టుకోకయ్యా, ఆ రాయి ఇంకా పచ్చిగా ఉంది.”

“రాయి పచ్చిగా ఉండటం ఏంటి ఆంటీ?”

“రాయి కాదది, థర్మోకోల్. చెక్కి పైన సిమెంటు పూశా. నేను ఆంటీని కూడా కాదు, గ్లెనిస్‌ని.”

“నిజం రాయే అనుకున్నా! పగుళ్ళు, నాచు మరకలు... పాము కూడా మోసపోతుంది.”

“పాముకి అందం అక్కర్లేదు నాయనా. కుబుసం విడిచేటప్పుడు ఒళ్ళు రుద్దుకోవడానికి గరుగ్గా ఉంటే చాలు. అందమంతా మనుషులకే. నీకేం కావాలో చెప్పు, నా టీ చల్లారిపోతోంది.”

“ఇదుగో, ఈ ఫోటోలో ఉందే, ఇలాంటి గూడు. నెట్‌లో మీ పేజీలోదే.”

“...ఓ. అదా.”

“మీరు కట్టిందేగా?”

“నేనే. కానీ వచ్చే నెల దాకా నాకు తీరిక లేదు.”

“గూడు సంగతి తర్వాత. అందులో ఉన్న పాము నాది.”

“నీదా? ఇలాంటి కార్పెట్ పైథాన్లు ఈ చుట్టుపక్కల ఎన్ని లేవు! ఇంటి కప్పుల్లో కాపురం పెట్టినవాటికి లెక్కే లేదు.”

“తల మీద ఆ మచ్చ చూడండి. కొరికిన బిస్కట్ ముక్కలా లేదూ? అందుకే దానికి బిస్కట్ అని పేరు పెట్టా. గుడ్డులోంచి బయటపడ్డప్పటి నుంచీ నా చేతుల్లో పెరిగింది. నా పేరు కర్టిస్. టెగన్ మొగుణ్ణి. చెప్పే ఉంటుందిగా నా గురించి?”

“గిరాకీలు నాకు పాము పొడుగు చెప్తారు. కాపురాలు చెప్పరు.”

“చిన్న గొడవ ఆంటీ, అంతే. అలిగింది. పామునెత్తుకుని వెళ్ళిపోయింది. ఇదుగో, బిస్కట్‌కి ఈ కొమ్మ తెచ్చా. నేనే కోసి, పురుగూ పుట్రా చచ్చేలా ఓవెన్‌లో పెట్టి తీశా. గూట్లో అమర్చి, టెగన్‌తో ఒక్క మాట మాట్లాడి వచ్చేస్తా. ఇల్లెక్కడో చెప్పండి.”

“మంచి కొమ్మ. ఇక్కడ పెట్టు, నేను చేరవేస్తా.”

“నా చేతులతో ఇవ్వాలని.”

“ఊఁ. పాత గూట్లో ఏమేం పెట్టావు దీనికి?”

“ఏముంది, అడుగున పేపరు, నీళ్ళ గిన్నె, పైన వేడి దీపం.”

“దాక్కోవడానికి?”

“ఒక చెక్క డబ్బా ఉండేది. తీసేశా.”

“తీసేశావా? వేడి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి ఉండాలయ్యా. దూరడానికి చోటు లేకపోతే భయంతో తిండి మానేస్తుంది.”

“మానేసింది. మొండిది. ఎప్పుడు చూసినా ఆ డబ్బాలోనే. నా ఇంట్లో, నేను పెంచే పాము, నేను చూడాలనుకున్నప్పుడు కనపడకపోతే ఎట్లా? టెగన్‌దీ అదే తంతు. బాత్రూంలో దూరి గడియ పెట్టుకునేది. పిలిచినా పలకదు. చివరికి ఆ తలుపే ఊడబీకా.”

“...బాత్రూం తలుపా?”

“అంటే... మడతబందులు వదులయ్యాయిలెండి. బాగు చేయిద్దామని.”

“చేయించావా?”

“అడ్రస్ చెప్పండి గ్లెనిస్ గారూ.”

“చెప్పను. గిరాకీల ఇళ్ళు నేనెవరికీ చెప్పను. గూడు బాగా కుదిరిందన్న సంబరంలో పాముతో సహా ఫోటో పెట్టేశా చూడు, అదే నేను చేసిన వెధవ పని.”

“సరే, సరే. అడగనులెండి. కోపం వద్దు. పనితనం గురించైనా మాట్లాడుకోవచ్చా? నేనూ ఒకటి కట్టుకోవాలి.”

“...అడుగు.”

“పైన ఈ జాలీ, మామూలు ఇనుపదేనా?”

“మామూలు ఇనుమా! ఆ ఉప్పుగాలికి నాలుగు రోజుల్లో తుప్పు రాలి నీళ్ళ గిన్నెలో పడదూ? స్టెయిన్‌లెస్ స్టీలు వేశా.”

“ఉప్పుగాలి. నిజమే సుమా. మరి ఎండ? గాజు మీద ఎండ పడితే లోపల పాము ఉడికిపోతుందంటారే.”

“ఎందుకు పడదు? సముద్రంలోంచి సూర్యుడు లేవడం ఆలస్యం, తిన్నగా ఆ కిటికీలోంచే వస్తాడు. అందుకే ఆ పక్క గాజుకి లోపల్నుంచి చెట్టు బెరడు అతికించా. చూసేవాళ్ళు అలంకారం అనుకుంటారు. అది గొడుగు.”

“అబ్బ, ఎంత ఆలోచన! ఇంత బరువుంది కదా, కింద గచ్చు మీదే పెట్టారా?”

“ఇల్లే స్తంభాల మీద నిలబడితే కింద గచ్చెక్కడిది? మెట్లేమో సన్నం. వాటి ముందు ఒక పసుపు పడవ అడ్డం. కదుపుదామంటే చక్రాలు లేవు దానికి. చివరికి తాళ్ళు కట్టి వరండా మీదికి లాగాం. నా నడుం ఇప్పటికీ తిన్నగా లేదు.”

“పాపం! ఇంత కష్టపడ్డారా? అడుగున ఏం వేశారు మరి, గూడు జారకుండా?”

“జారడానికి కాదు, అదురుకి. మందపాటి రబ్బరు పరిచా. మిల్లుకి చెరుకు మోసే రైలు ఇంటి వెనకే పోతుంది. పోయినప్పుడల్లా గాజంతా గడగడలాడితే పాము—”

“కర్లూ బీచ్.”

“...ఏంటి?”

“చెరుకు రైలు పట్టాలు సముద్రం దాకా వచ్చేది కర్లూ బీచ్‌లోనే. అక్కడున్నది ఒక్కటే వీధి. స్తంభాల ఇల్లు, మెట్ల ముందు పసుపు పడవ. కళ్ళు మూసుకుని పోవచ్చు.”

“నేనలా అన్లేదు! కర్లూ అని నేనెక్కడన్నా? కర్టిస్, ఆగు—”

“నువ్వు అనక్కర్లేదు ముసల్దానా. నీ గొప్పలు నువ్వు చెప్పుకుంటూ పోతే చాలు.”

“వెళ్ళకయ్యా. ఆమె జోలికి పోకూడదని, ఎక్కడుందో వెతకను కూడా వెతక్కూడదని కోర్టు చెప్పిందటగా నీకు!”

“ఓహో. గిరాకీలు కాపురాలు చెప్పరన్నావే?”

“అదీ... ఏదో మాటల్లో...”

“ఫోన్ ఇటివ్వు.”

“ఎందుకు?”

“ఇవ్వు. రెండోసారి అడగడం నాకు నచ్చదు. ...ఆఁ. ఈ బకెట్లో ఉన్న సిమెంటు తొందరగా గట్టిపడుతుందా?”

“ఒరేయ్, అందులో పడెయ్యకు, నా నంబర్లన్నీ—”

“పడేశా. ఇప్పుడు విను. నేను వెళ్ళేసరికి టెగన్ అక్కడ ఉండాలి. లేకపోతే నువ్వే హెచ్చరించావనుకుంటా. మళ్ళీ వస్తా. షెడ్డు నిండా థర్మోకోలేగా, ఒక్క అగ్గిపుల్ల చాలు. అర్థమైందా ఆంటీ?”

“...అర్థమైంది.”

“ఏది, గట్టిగా చెప్పు.”

“అర్థమైంది కర్టిస్. ఎవరికీ చెప్పను.”

“మంచిది. టీ తాగు, చల్లారిపోతుందన్నావుగా.”

కారు మట్టి రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా ఆగి, ఆర్డర్ల పుస్తకం తీసి, షెడ్డు గోడకున్న పాత ఫోన్ అందుకుంది గ్లెనిస్.

“ఎత్తు, ఎత్తవే తల్లీ... మొయిరా! నేను, గ్లెనిస్‌ని.”

“ఏంటే, గొంతలా ఉంది? ఎవరైనా పోయారా?”

“ఇంకా లేదు. నువ్వు ఇంట్లోనే ఉన్నావా?”

“డ్యూటీ లేని రోజు ఇంకెక్కడుంటా? వరండాలో కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నా.”

“ఇంట్లో ఇంకెవరున్నారు? పిల్లలు?”

“బడికి పోయారు. నేనూ, నువ్వు నడుం విరగ్గొట్టుకుని తాళ్ళతో పైకి లాగావే, ఆ గూట్లో మా కొండచిలువా. చెరుకు రైలు పోయినా గాజు కిక్కురుమనడం లేదే, నీ రబ్బరు గొప్పదే. ఎందుకు అడుగుతున్నావు?”

“టెగన్ మొగుడు వచ్చాడు. ఆమె ఇల్లు చెప్పమని నిలదీశాడు. బాత్రూం తలుపు ఊడబీకానని వాడి నోటితో వాడే అన్నాడు మొయిరా. ఆ మాట విన్నాక ఇక వీణ్ణి ఊరికే పంపకూడదనుకున్నా. నీ ఇల్లు చెప్పా.”

“...నా ఇల్లా?”

“అడ్రస్ చేతికిస్తే నమ్మేవాడు కాదు. తనే కూపీ లాగి కనుక్కున్నాననుకుంటున్నాడు. కారెక్కాడు, నీ దగ్గరికే వస్తున్నాడు. పిల్లలు రాకముందే ఏదో ఒకటి చెయ్యి. టెగన్‌కి నేను ఇప్పుడే చెప్తా. నన్ను తిట్టాలనుకుంటే తర్వాత తిట్టు.”

“తిట్టడమెందుకే. రొయ్యలు ఫ్రిజ్‌లో పెట్టి, స్టేషన్ నుంచి మావాళ్ళిద్దర్ని పిలుస్తా. ఆ కోర్టు ఉత్తర్వు వాడి చేతిలో పెట్టిన సార్జెంటుని నేనే. తలుపు కూడా నేనే తీస్తా.”