రంపానికి అవతలి మనిషి

"తొమ్మిది అడుగులు. ఎక్కువ చెప్పను, తక్కువ చెప్పను. మొదలు దగ్గర అడ్డం తొమ్మిది అడుగులున్న దేవదారు. నేనూ గున్వాల్డూ పొద్దున ఏడింటికి రంపం పెట్టాం, మధ్యాహ్నం భోజనం గంట కొట్టేసరికి పడుకోబెట్టేశాం," అన్నాడు తౌనో, చక్కెర ముక్క పళ్ల మధ్య పెట్టుకుని దాని మీదుగా కాఫీ జుర్రుతూ.

శనివారం పొద్దున. బయట వాన. నా కొట్టులో ఉన్నది ముగ్గురే. తౌనో, అడవిలోంచి మిల్లుకి ట్రాక్టరుతో దుంగలు లాగే డెల్మార్, బస్సు కోసం ఎదురుచూస్తున్న ఒక కొత్త మనిషి. ఆయనకి యాభై ఏళ్లుంటాయి, టోపీ ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. తౌనోకి వినేవాళ్లుంటే చాలు, కొత్తా పాతా లేదు.

"పోయిన వారం ఏడడుగులన్నావు పెద్దాయనా," అన్నాడు డెల్మార్.

"పోయిన వారం నువ్వు సగంలో లేచి పోయావు. ఉన్నవాళ్లకి తొమ్మిది చెప్పాను."

"అయినా మోటారు రంపంతో ఇప్పుడది గంట పనే."

"అవును, గంటలో అయిపోతుంది. చెప్పుకోడానికేం మిగులుతుంది? లెంపీ, ఇంకాస్త పొయ్యి." నేను పోశాను. "చెట్టు కింద ఉబ్బుగా ఉంటుంది గదా, అక్కడ కొయ్యలేం. పదడుగుల ఎత్తున గాట్లు పెట్టి, వాటిలో పలకలు దూర్చి, ఆ పలకల మీద నిలబడి కోసేవాళ్లం. ఇటు నేను, అటు గున్వాల్డ్, మధ్యలో రంపం. జిగురు పట్టకుండా కిరసనాయిలు సీసా ఒకటి. అయితే ఆ రోజు రంపం పెట్టి చూస్తే సరిపోలేదు. చెట్టు బెరడులోనే ఉండిపోయింది రంపం. అప్పుడు కొలిచాం సరిగ్గా. పద్దెనిమిది."

"ఇప్పుడే గదా తొమ్మిదన్నావు."

"ఒక పక్క తొమ్మిది, రెండో పక్క తొమ్మిది. నువ్వు బళ్లో లెక్కలు చదువుకోలేదా? రెండు రంపాలు అతికించుకొచ్చాం. దాని పళ్లకి ఆకురాయి పట్టడానికి మనిషికి సోమవారం నించి గురువారం దాకా పట్టేది. చివరి పన్నుకొచ్చేసరికి మొదటి పన్ను మొద్దుబారేది, మళ్లీ మొదలు. సరే, కొయ్యడం మొదలెట్టాం. అవతల గున్వాల్డ్ నాకు కనబడడు. వినబడడు. అయినా రంపం లాగే తీరు బట్టి చెప్పేసేవాణ్ణి, ఇవాళ వాడికి పెళ్లాం దగ్గర్నించి ఉత్తరం వచ్చిందనీ, ఇవాళ రాలేదనీ. మూడో రోజుకి ఆకలేసి, రంపం మీద చాక్‌పీసుతో రాశాను, 'ఒరే, అట్లు పొయ్యి' అని. అటు లాగాడు, చదివాడు, అట్టు పోసి రంపం మీద పెట్టి ఇటు తోశాడు. ఆ రాపిడికి రంపం ఎంత కాలిందంటే, నా దగ్గరికొచ్చేసరికి రెండో వైపు కూడా ఎర్రగా వేగింది."

డెల్మార్ నవ్వాడు. నేను కూడా, ఎన్నోసారో తెలీదు, నవ్వాను. కిటికీ పక్కనాయన నవ్వలేదు. గున్వాల్డ్ పేరు వినగానే తల ఇటు తిప్పాడు, ఇక తిప్పుకోలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వైపు వాన, వాడి వైపు మంచు. నా వైపు శనివారం, వాడి వైపు అప్పుడే ఆదివారం. వాడు ప్రార్థనకి పోయి కూర్చున్నాడు, నేను ఒక్కణ్ణే రంపం అటూ ఇటూ ఆడించుకుంటూ చచ్చాను. రాలిన పొట్టుతో మిల్లు బాయిలరు రెండు చలికాలాలు మండింది. ఆఖరికి చెట్టు ఒరగడం మొదలెట్టింది. సోమవారం ఒరిగింది, మంగళవారం ఇంకా పడుతూనే ఉంది. కింద కూర్చుని భోంచేశాం, చుట్ట కాల్చాం, దాని కొస మాత్రం ఇంకా మబ్బులో ఉంది."

"నేల తగిలిందా లేదా?"

"ఉండు. చెప్పనీ." తౌనో కప్పు కింద పెట్టాడు. ఎప్పుడూ ఇక్కడికొచ్చేసరికి గొంతు కాస్త తగ్గిస్తాడు. "ఇంకో నాలుగు లాగులు లాగితే పని అయిపోతుందని మళ్లీ పలకలెక్కాం. అప్పుడు పైన చిటుక్కుమంది. ఎండు కొమ్మ. కొమ్మంటే కొమ్మ కాదు, మన ఊరి చర్చి అంత. సరిగ్గా గున్వాల్డ్ నెత్తి మీదికి. ఒరే అని అరిచాను. అరిచి, రెండు చేతులా రంపం పట్టుకుని ఒక్క లాగు లాగాను. వాడు పిడి వదిలే రకం కాదు. రంపంతో పాటు వాడూ వచ్చాడు, ఆ గాటులోంచి, పద్దెనిమిది అడుగులూ, వేలు దూరని సందులోంచి ఆరడుగుల నార్వే మనిషి ఇటు నా పక్కకి వచ్చి పడ్డాడు. కొమ్మ అక్కడ పడింది, వాడు ఇక్కడ ఉన్నాడు. మీసాల్లోంచి పొట్టు దులుపుకుని, కాఫీ ఉందా అన్నాడు. అంతే."

డెల్మార్ బల్ల మీద చరిచి మెచ్చుకున్నాడు. గున్వాల్డ్ ఎప్పుడో అడవిలో పోయాడని నాకు తెలుసు. ఎలా పోయాడో తౌనో చెప్పలేదు, నేను అడగలేదు.

"ఆయన ఇవతలికి రాలేదు," అన్నాడు కొత్త మనిషి.

ముగ్గురం అటు చూశాం. ఆయన మాట నెమ్మదిగా, దక్షిణ రాష్ట్రాల వాళ్ల సాగదీతతో ఉంది.

"చెట్టు ఎనిమిది అడుగులు. సోమవారం అది, మార్చి నెల. ఇరవై అయిదేళ్లయింది. కొమ్మ నా తొడంత లావు, అంతే. కానీ ఆయన మీదే పడింది."

"మీకెలా తెలుసు?" అన్నాడు డెల్మార్.

"రంపానికి ఇవతల పట్టుకున్నది నేను. నా పేరు ఓడెల్. కారొలీనాలో పొగాకు చేలు వదిలి వచ్చి అప్పటికి ఎనిమిది రోజులైంది. పొద్దున మేస్త్రీ వచ్చి, గున్వాల్డ్ జతగాడు ఊళ్లోంచి రాలేదు, నువ్వు పో అన్నాడు. రంపం పట్టడం నాకు రాదు."

తౌనో నోట్లో చక్కెర ముక్క కరిగిపోయినట్టుంది. మింగాడు.

"తాగి పడిపోయానని అందరూ అనుకున్నారు," అన్నాడు తౌనో. "నేనూ అలాగే అననిచ్చాను. శనివారం తాగిన మాట నిజమే. సోమవారం పొద్దున తాగి లేను. సత్రం మేడ మీద పక్కలో ఉన్నాను. అడవిలో క్యాంపుకి పోయే రైలు కూత వినబడింది. లేచి పరిగెత్తితే అందేది. వెచ్చగా ఉంది. రేపు పోదాంలే అనుకున్నాను."

వానకి కిటికీ అద్దం మసకబారింది. నేను చేతిలో గుడ్డ పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఇరవై ఏళ్లుగా ఈ మనిషికి కాఫీ పోస్తున్నాను, ఒక్కసారి కూడా అంత చిన్న కథ చెప్పలేదు.

"నా గురించి ఏమన్నా అన్నాడా?" అని అడిగాడు తౌనో.

"తిట్టాడు," అన్నాడు ఓడెల్. "నవ్వుతూనే తిట్టాడు. మధ్యాహ్నానికి తల వేలాడేసుకుని వస్తాడు చూడు అన్నాడు. నాతో మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తోయకు బాబూ, లాగితే చాలు, తోసే పని నీది కాదు, తౌనో చేతిలో అయితే దాని బరువే తెలిసేది కాదు అన్నాడు. నాలుగైదు సార్లు చెప్పాడు అదే మాట."

తౌనో తల ఊపాడు. మొహం ఇటు తిప్పలేదు.

ఓడెల్ ఒళ్లోని టోపీని ఒకసారి చుట్టూ తిప్పాడు. "నేనొకటి అడగాలి. బస్సు వచ్చేలోపు అడుగుతాను. పైన చప్పుడు నాకు వినబడింది. ఏంటా అని చూశాను. అరవాలని నాకు తెలీదు. తెలిసేసరికి నేను దూకేశాను, ఆయన రంపం మీదికి వంగి ఉన్నాడు. ఎవరికీ చెప్పలేదిది. ఆ చోట మీరుంటే అరిచేవారు గదా? ఆయన బతికేవాడు గదా?"

నా మొగుడు పద్దెనిమిదేళ్లు అడవిలో చెట్లు కొట్టాడు. ఎండు కొమ్మ విరిగితే పావు మైలు వినబడుతుందని, ఆ విరుపుకీ కింద పడడానికీ మధ్య ఒక కేక వెయ్యడానికి వ్యవధి ఉంటుందని, జతగాడు ఉండేదే ఆ కేక కోసమని తనే నాకు చెప్పాడు. అడవి మొహం చూసినవాడెవడికైనా తెలుసది.

తౌనో ఓడెల్‌ని తేరిపార చూశాడు. తన పెద్ద చేతులు రెండూ బల్ల మీద పెట్టి, వాటిని చూసుకున్నాడు.

"లేదు," అన్నాడు. "ఎండు కొమ్మకి చప్పుడుండదు. నువ్వు విన్నది గాలి. నేనున్నా అరిచేవాణ్ణి కాదు, నాకూ తెలిసేది కాదు. నువ్వు ఉన్నా నేను ఉన్నా వాడి సంగతి అంతే."

"మీరు నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నారు."

"నేను ఎవర్నీ ఊరుకోబెట్టను. కావాలంటే అతన్ని అడుగు."

ఓడెల్ డెల్మార్ వైపు తిరిగాడు. "మీరూ అడవిలో పనిచేస్తారు గదా. నిజమేనా అది?"

పొద్దున్నించీ తౌనో అడుగుల లెక్క తప్పుపడుతూ కూర్చున్న డెల్మార్ ఒకసారి తౌనో వైపు చూశాడు.

"నిజమేనండీ," అన్నాడు. "అస్సలు వినబడదు."