గిన్నె మూతతోటి హుస్సేన్‌సాగర్ దాటిన ముచ్చట

ముందుగాల ఒక మాట. గీ ముచ్చట నాకు ఫస్ట్ చెప్పింది గౌస్ మొహియుద్దీన్. వ్యాన్ నడుపుతడు, అబద్ధమాడే మనిషి కాదు. నా ముచ్చట నాకు ఇంకొకలు చెప్పుడేందని నవ్వకున్రి. పని చేసెటోనికి పని మీదనే సోయి ఉంటది, ఎట్ల చేసిండో చూసినోడే చెప్పాలె.

నేను రాజనర్సయ్య. బల్కంపేటల మా గల్లీకి ఎల్లమ్మ కల్యాణానికని ఊర్లకెళ్లి చుట్టాలు దిగుతరు. కల్యాణం అయినంక వచ్చే ఆదివారం వాళ్లందరిని గౌస్ వ్యాన్ల ఎక్కించి పట్నం చూపిస్తం. డ్రైవర్ పక్కన ముందు సీటు పదకొండేండ్ల సంది నాది. గా సీట్ల కూసున్నోడే ఎనుకకు తిరిగి ఇది ఫలానా, అది ఫలానా అని చెప్పాలె. గీయేడు గా సీటు హనుమత్ప్రసాద్ గారికి ఇద్దామని గల్లీల గుసగుసలు లేసినయి. ఆయన ఎర్రమంజిల్ల ఆఫీసుల చేసి రిటైరయిండు. మంచోడే. గని మూడేండ్ల కింద నేను చుట్టాలకు సాగర్ల బుద్ధుడు అరవై అడుగులని చెప్తుంటే, ఎనుక సీట్లకెళ్లి ఫోన్ చూసి "యాభై ఎనిమిదండీ" అన్నడు. అందరి ముందల రెండడుగులు కోసిండు. నేను మర్వలే.

మొన్న గురువారం అమీర్‌పేట మెట్రో కింద చాయ్ హోటల్ల కూసున్నం. గౌస్, హనుమత్ప్రసాద్ గారు, మా పక్కింటి చిలకమ్మ, గల్లీ సంఘం పుస్తకం రాసే పిల్ల రవళి. ముందు సీటు ఎవలిదో గా పూటనే పుస్తకంల ఎక్కాలె. అందుకే నేను పోయినేడు పడవ ముచ్చట తీసిన. రవళి, హనుమత్ప్రసాద్ గారు పోయినేడు రాలే, వాళ్లకు ఎరికలేదు.

లుంబినీ పార్కు కాడ పడవ ఎక్కంగనే ఇంజన్ సప్పుడు ఇన్న, గిది సగం దూరంల ఆగుతదని నడిపెటాయనకు చెప్పిన, ఆయన నవ్విండు, సగం దూరం పోయినమో లేదో ఆగనే ఆగింది.

"ఆగింది, హౌ," అన్నడు గౌస్. "జరంత సేపు."

సాక్ష్యం ఇన్నరు గద. జరంత సేపో మస్తు సేపో, నీళ్ల నడుమ ఉన్నోనికి అన్నీ ఒకటే. నలభై మంది మొకాలు తెల్లబడ్డయి. అప్పుడు నేనేం చేసిన్నో ఎరికేనా? చిలకమ్మ పులిహోర గిన్నెకు స్టీలు మూత ఉన్నది సూడున్రి, గది తీసి, పడవ ఎనుకకు వోయి కూసొని, తెడ్డు లెక్క ఒక్కటేసిన. పడవ కదిలింది. రెండోది ఏసిన, అందరి లైఫ్ జాకెట్లల్ల గాలి నిండింది. మూడోది ఏసేసరికి బుద్ధుని ముందలున్నం. వచ్చినంక ప్రదక్షిణం చెయ్యకుంట ఎట్ల పోతం, మూడు చుట్లు చాలనుకున్న, గని నా చెయ్యికి పడవ ఆగుతదా, ఏడు చుట్లు తిరిగింది. ఆయన కుడి చెయ్యి ఎందుకు లేపి ఉన్నదనుకుంటున్నరు? రాజనర్సయ్యా, జర నిమ్మళం అన్నట్టు.

"అంతకుముందు కిందికే ఉండెనా తాతా?" అని అడిగింది రవళి.

నేను దాని దిక్కు చూడలే. అవుతల నెక్లెస్ రోడ్డు పక్కపొంట లోకల్ రైలు వస్తున్నది. రైలు, మేము సమానంగ పోతున్నం. జర సేపు చూసి గార్డు పచ్చ జెండ ఊపిండు, మీరే ముందు పోన్రని.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? టైం చూస్తే పదకొండు నలభై. పట్నానికొచ్చినోళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంల పన్నెండు గంటలకు గడియారం చూడకుంట పోతరా? చిన్న మనిషి బయటకొచ్చి పన్నెండు సార్లు గంట కొడ్తడు. రోడ్డు మీదికెళ్లి పోతే లక్డీకాపూల్ కాడనే పన్నెండైతది. అందుకే నేను ఎవ్వల్ని దిగనియ్యలే. సాగర్ నీళ్లు బయటకు వోయే నాలా ఉన్నది గద, పడవను అండ్లకు తిప్పిన. అశోక్‌నగర్ బ్రిడ్జి కింద అందరిని తలకాయలు వంచుమన్న. గోల్నాక దాటి మూసీల పడ్డం, ఎదురెక్కి మ్యూజియం దిక్కు వోయినం.

"మూసీలో అప్పుడు పడవ తేలేంత నీళ్లున్నాయాండీ?" అన్నడు హనుమత్ప్రసాద్ గారు.

లేవు. అందుకే సాగర్ల నీళ్లు సగం నా ఎనుకనే తీస్కపోయిన. పనైనంక మళ్ల తెచ్చి పోసిన.

మేము లోపట అడుగు పెట్టేసరికి మూడు వందల మంది గడియారం ముందల కూసున్నరు. చిన్న మనిషి సుత్తె లేపి, కొట్టకుంట, దర్వాజ దిక్కే చూస్తున్నడు. మేము సర్దుకోని కూసున్నం. అప్పుడు కొట్టిండు. పన్నెండు కొట్టి, నా దిక్కు చూసి, ఇంకొకటి కొట్టిండు.

"పదమూడోది ఎందుకండీ?" అన్నడు హనుమత్ప్రసాద్ గారు.

"గది మూతకు," అన్న.

సీటు నాదే అయిందనుకున్న. "రాయి బిడ్డా," అన్న. రవళి పెన్ను మూత తీసింది.

గప్పుడు చిలకమ్మ సాసర్ కింద పెట్టింది. "నర్సన్నా, పుస్తకంల రాస్తే రేపు చుట్టాలు చదువుతరు. నా గిన్నె సంచిల ఉండె. సంచి నీ దగ్గర ఉండె. నువ్వు ఒడ్డు మీద సిమెంట్ బెంచి మీద ఉంటివి. ఇంజన్ ఆగిందని గౌస్ వచ్చి చెప్తెనే గద నీకు ఎరికైంది. మేము వచ్చేసరికి పులిహోర సగం లేదు."

గౌస్ చాయ్ గిలాస దిక్కు చూసుకుంట కూసున్నడు. రవళి నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది గని బెంచి మొత్తం ఊగింది. నేనేమన్ననంటే, అందరు పడవెక్కితే సామాను ఎవలు చూస్తరు, పదకొండేండ్లల్ల ఒక్క సంచి పోయిందా, ఒక్క చెప్పు పోయిందా అన్న.

"పోలే," అన్నది చిలకమ్మ. "నీకు నీళ్లంటే భయమని మాకందరికి ఎరికే అన్నా. అందుకే ఎవ్వలం నిన్ను పడవెక్కుమని అడగలే."

నవ్వితె నాకు ఫికర్ లేకుండె. గీ మాట తగిలింది.

హనుమత్ప్రసాద్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నడు. "రాజనర్సయ్య గారూ, ఈసారి సంచుల దగ్గర నేను కూర్చుంటానండి. మీరు పడవెక్కండి. ముందు సీటూ మీదే. బుద్ధుడి దగ్గర చుట్టాలకి చెప్పడానికి మీరుండాలి కదా."

మంచితనంతోటి అన్నడా, ఇరికిద్దామని అన్నడా, ఇయ్యాల్టికి సమజ్ కాలే. సంచులు చూసుడంటే ఆఫీసుల కూసున్నట్టు కాదని, షుగర్ గోలీలు ఎవల సంచిల ఉంటయో, తెగిన బద్ది చెప్పు ఎవలదో, ఏ గొడుగు ఎవలకు ఇయ్యాల్నో చెప్పుమన్న. ఒక్కొక్కటి నన్ను అడిగి ఫోన్ల రాసుకున్నడు. రాసుకోని "ఇంకా ఏమైనా ఉన్నాయాండీ" అన్నడు. నాకాడ ఇంకేం మిగలలే.

"బస్, అయిపోయింది భాయ్," అన్నడు గౌస్. "నా పక్కన కూసో. లైఫ్ జాకెట్ రెండు కట్టిపిస్త."

రవళి రాసేసింది. ముందు సీటు రాజనర్సయ్య గారిది, వారు పడవ ఎక్కవలెను అని. నేనే అద్దాలు పెట్టుకోని అక్షరమక్షరం కూడవల్కుకోని చదువుకున్న.

రేపే ఆదివారం. ఎక్కుతున్న. మాటిచ్చిన. పడవల ఏమన్న అయితదని కాదు గని, నేను ఎక్కకముందే పుస్తకం సక్కగ ఉండాలె. రవళి కింద ఇంకొక లైను రాసింది, పోయినేడు ఒడ్డున ఉండి పులిహోర సగం తిన్నరని. పదకొండేండ్లల్ల ఒక్క సంచి పోలేదని మాత్రం రాయలే. గిన్నె ఖైరతాబాద్ దాటకముందే వ్యాన్ల వెలితి అయింది, తిన్నది చిలకమ్మ చుట్టాలే. నేను తిన్నది రెండు పిడికిళ్లు. బుద్ధుడు యాభై ఎనిమిది అడుగులంటే ఇగ ఒప్పుకుంట, పులిహోర సగమంటే ఒప్పుకోను. నా రాత మంచిగుండదు. చదువుకున్నోళ్లు ఎవలన్న జర రవళి ఇంటికి వోయి, ఆదివారం పొద్దుగాల వ్యాన్ కదలకముందే గా లైను కొట్టేసి, రెండు పిడికిళ్లని రాయున్రి.