వెలిసిన పీతాంబరం

ఉదయ్‌పూర్‌లో చిత్రకారుల వీధి. లెహరీలాల్ బయటికి వెళ్ళడానికి చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆ చెప్పులు తల్లి ధాపూబాయి కొంగు కింద ఉన్నాయి.

"అమ్మా, చెప్పులియ్యి."

"ఇంత ఎండలో ఎక్కడికిరా? కళ్ళు తిరిగి పడతావు. ముందు మజ్జిగ తాగు."

"ఓంకార్ సేఠ్ కొట్టుకి. బంగారు రంగు తీసే హరిదళమని చెప్పి నాకేం రాయి అంటగట్టాడో నలుగురి ముందూ కక్కిస్తా."

"నలుగురి ముందా! వాడి కొడుకులు ముగ్గురూ పహిల్వాన్లురా. ఒక్క తోపు తోశారంటే చెయ్యి విరుగుతుంది. అదీ కుడిచెయ్యే విరుగుతుంది, నాకు తెలుసు."

"విరగనీ. ఇంక దాంతో పనేముంది?"

"అవేం మాటలు! ఠాకూర్ గారు మళ్ళీ కబురు పెట్టారా?"

"కబురేంటి, బొమ్మే తిప్పి పంపారు. నువ్వే చూడు. వాళ్ళ తాతముత్తాతల నాటి బొమ్మ. మూడొందలేళ్ళుగా కృష్ణుడి పీతాంబరం మెరుస్తూనే ఉంది. చెమ్మకి బొటనవేలంత పెచ్చు ఊడితే కలిసిపోయేట్టు వేసిమ్మన్నారు. నేను వేసిన ఆ బొటనవేలంతా మూడు నెలలకే వెలిసి తెల్లగా అయిపోయిందట."

"ఎండ తగిలిందేమో."

"రాయి నూరి తీసిన రంగు ఎండకి వెలుస్తుందా?"

"పోనీ తుమ్మజిగురు పల్చనైందేమో..."

"జిగురు తప్పితే ఊడుతుంది, వెలవదు. అమ్మా, ఈ ఒక్క బొమ్మతో పోదు. చెమ్మ తిన్న వాళ్ళ పుస్తకం మొత్తం, నలభై ఆకులు, నా చేతికే ఇస్తామన్నారు. ఇంకెవరున్నారు మనకి పనిచ్చేవాళ్ళు? తక్కినవాళ్ళంతా బజారుకి ఏనుగులూ ఒంటెలూ వేయించుకుంటున్నారు. తప్పెవరిదో సాయంత్రంలోగా తేల్చకపోతే, లెహరీ దొంగరంగు వేశాడని ఊరంతా చెప్తారట. ఆ తర్వాత మన కుంచెని ముట్టుకునేవాడుండడు."

"ఓంకార్ అట్లాంటివాడు కాదురా."

"నీకేం తెలుసు?"

"కాదంటున్నాగా."

"మొన్నటిదాకా వాడి బెల్లంలో ఇసక అన్నది ఎవరు?"

"బెల్లం వేరు. రాయి మంచిదే."

"అదే, నీకెలా తెలుసంటున్నా!"

"పెరట్లో ఉంది గనక. నేనే పాతిపెట్టా. చెరువులో పడేద్దామంటే చేపలు చస్తాయేమోనని భయమేసింది."

"ఏంటీ?"

"కోప్పడకు. మీ నాన్న కుంచె మొన పెదాలతో తడుపుకుంటూ తడుపుకుంటూనే పోయాడు. అరచేతుల నిండా నల్లమచ్చలు. కడుపు మంట, కడుపు మంట అని... ఆ విషపు రాయి నూరి ఇచ్చింది నేనేగా! నువ్వూ అంతే, కుంచె నోట్లో పెట్టుకుంటావు. వద్దురా అంటే విన్నావా? అందుకే ఈసారి..."

"ఈసారి?"

"వంటింటి పసుపు. చిక్కగా ఉంటుందని కాస్త సుద్ద కలిపా."

"పసుపు. మూడొందలేళ్ళ బొమ్మ మీద కూరలో వేసే పసుపు."

"తిట్టు. కొట్టు. ఇప్పుడే వెళ్ళి ఠాకూర్ గారి కాళ్ళు పట్టుకుంటా. ముసలిదాని తప్పేనని చెప్తా. ఆయనా బిడ్డలున్నవాడే."

"వెళ్ళకు."

"నీ పేరు నిలబడుతుందిరా!"

"నిలబడదు. మీ అమ్మ మారిస్తే మార్చింది, నీ కళ్ళేమయ్యాయిరా అని అడుగుతారు."

"ఆ మాటే... ఆ మాటే మూడు నెల్లుగా నన్ను తినేస్తోంది. పసుపు చిప్ప నీ ముందు పెట్టా. చూడగానే మొహాన కొడతావనుకున్నా. నువ్వు ముంచావు, వేశావు, ఆరబెట్టావు. ఒక్క మాటన్లేదు. ఎలా కనపడలేదురా నీకు?"

"చెప్పులు నీ దగ్గరే ఉంచు. ఇంక సేఠ్ కొట్టుకి వెళ్ళను."

"అడిగినదానికి చెప్పు నాయనా."

"హోలీ నుంచీ నాకు రంగులన్నీ బూడిదరంగుగానే కనపడుతున్నాయమ్మా. ఎడమనుంచి మూడో చిప్పలో ఎప్పుడూ హరిదళమే పెడతావు కదా, నువ్వు పెట్టిన వరసని నమ్మి ముంచాను."