పడవ ముసలాయన మారిన రోజు

ఈరోజు మా ఇంట్లో అమ్మ, నానమ్మ, ప్రార్థన కూటానికి వచ్చిన పన్నెండు మంది, వెనక గదిలో అన్న, నేను ఉన్నాం. ఇంకో పది నిమిషాల్లో ఆన్‌లైన్ ఆటలో అన్న జట్టుకు ఇల్లందు జట్టుతో ఫైనల్.

"అన్నా, ఆటల పడవ ముసలాయన్ని మార్చిండ్రు, చూసినవా?"

"ఆ ముసలోడా? ఒక్కల్ని ఎక్కించుకొని నత్త లెక్క పోతడు. నువ్వు తప్ప ఎవ్వరు తీసుకోరు."

"పొద్దుగాల అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు ముగ్గురిని ఎక్కించుకుంటడు. పడవల ఉన్నోళ్లకు దెబ్బ తగలది. సక్కగ అవతలోళ్ల కోట వెనక దిగొచ్చు."

"అవ్? అయితే ఇయ్యాల నేను ముసలోన్నే తీసుకుంట."

"నీతోని కాదన్నా. సుడిల తెడ్డు తిప్పుడు పాతదే ఉంచిండ్రు. అది రాకుంటే పడవ బోల్తా పడ్తది. రెండేండ్ల సంది నేనొక్కదాన్నే తిప్పుతున్న."

"మరి నా జాగల నువ్వే ఆడు, హెప్సీ."

"నేనా?"

"ఎప్పుడు ఎక్కాల్నో, ఎప్పుడు దిగాల్నో మైకుల నువ్వే చెప్పాలె. బడిల హాజరు పిలిస్తెనే నీ గొంతు ఇనరాదు."

"చెప్త."

"ఏంది?"

"చెప్త అంటున్న గద. కూటమోళ్లు ఇంటరేమో."

"వాళ్లు పాటల ఉన్నరు. ఫోన్ పట్టు, జల్దీ."

ఆట మొదలైంది. "ముగ్గురు ఎక్కుండ్రి!" అని నేను మైకులో అరిచేసరికి, అన్న నవ్వుకుంటూ బయటికి వెళ్లి తలుపు మూసేశాడు.