తల లేని కోటాసారస్

పొద్దున్నే భోజనాల బల్ల దగ్గర శ్రీదేవి, కూతురు హాసిని, అత్తగారు నూకరత్నం. బల్ల మీద స్కూలు ఎగ్జిబిషన్‌కి తల్లీకూతుళ్ళు కలిసి బెల్లంతో చేసిన కోటాసారస్, అంటే పొడుగు మెడతో ఆకులు మేసే రాకాసిబల్లి.

“పడుకునేప్పుడు తల ఉందమ్మా! ఇప్పుడు మెడ దగ్గరే ఆగిపోయింది!”

“ఏడవకే హాసినీ. అత్తయ్యా, మీకు సుగరు. బెల్లం ముట్టుకోలేదు కదా?”

“రామ రామ! సీమలు పట్టుకుపోయుంటాయి.”

“గుప్పెడంత తలని, ఒక్క రాత్రిలోనా?”

“అనకాపల్లి సీమలమ్మా. బెల్లం మీదే పెరిగేయి.”

“కింద పొడి కూడా రాల్లేదే?”

“ఈకాలం సీమలకి శుభ్రత ఎక్కువ.”

“అమ్మా, ఆటో వచ్చేస్తాది! మనూరి సరుకుతో చెయ్యమంటే బెల్లంతో చేసింది నేనొక్కర్తినే. తల్లేకపోతే అందరూ నవ్వుతారు!”

“మళ్ళీ చేస్తే ఇప్పట్లో ఆరదే. అత్తయ్యా, ఒకసారి నోరు తెరవండి.”

“పళ్ళు తోముకోలేదు.”

“రోజూ లేవగానే తోముకుంటారు కదా?”

“మర్సిపోయేను. మతిమరుపొచ్చేసింది. హాసినీ, ఏడుపాపి ఇలా సూడు. రాత్రి పైకి సదివేవే, దీని ఎముకలు తవ్వితీసేరని. ఏటేటి దొరికేయన్నావు?”

“కాళ్ళు, నడుం, మెడెముకలు...”

“తరవాత?”

“తల దొరకలేదు.”

“మరి పెద్ద పెద్దోళ్ళకే దొరకని తల మీ అమ్మ ఎక్కడ్నించి తెచ్చి పెట్టిందంట?”

“అవును కదా మామ్మా! తల లేకపోతేనే కరెక్టు! టీచర్‌కి అదే చెప్తాను. టాటా!”

“జాగ్రత్తే, తోక పట్టుకోకు, విరిగిపోతాది! ...మతిమరుపన్నారు, అత్తయ్యా. పాఠం బానే గుర్తుందే?”

“సెవిన పడింది. సెవులు మూసుకోమంటావేటి?”

“అబ్బే. అదిగో గేటు చప్పుడు. సుగరు టెస్టుకి రక్తం తీసే ఆయనేమో. రాత్రి నించి ఏమీ తినలేదు కదా?”

“ఇయ్యాలా? రేపన్నావు కదే!”

“ఇవాళైతే ఏటి? పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు కదా మీరు.”

“శ్రీదేవీ... శ్రీదేవమ్మా...”

“చెప్పండి.”

“పిల్ల టీచరుకి సెప్పే మాటే ఆయనకీ సెప్పెయ్యవే. అత్తయ్య ఎంత ఎతికినా దొరకలేదని.”

“వచ్చింది పాలాయన. టెస్టు రేపే, అత్తయ్యా. ఇంతకీ తలలో ఏలకులు సరిపోయేయా?”