గోధుమల్లో దిగబడ్డ మా పెద్దన్నయ్య

ఆ ఫొటోలో గడ్డమాయనా? ఇటు తే, కళ్ళజోడు పెట్టుకోనీ. మా పెద్దన్నయ్యే అమ్మడూ. నీకు పెద్ద తాతయ్య అవుతాడు, నువ్వు పుట్టకముందే పోయాడులే. ఈ చివర సన్నగా, చొక్కా కుడి చెయ్యి మడిచి పిన్ను పెట్టుకున్నాయన మా చిన్నన్నయ్య. నా పెళ్ళప్పటి ఫొటో అది. తీసినాయన ఒకళ్ళ దగ్గరికి ఒకళ్ళు జరగండి, జరగండి అంటూనే ఉన్నాడు, వీళ్ళు జరిగితేగా. అదంతా ఓ పెద్ద గోల. మేం ముగ్గురం ఒకే గోధుమల గోడౌనులో పనిచేసేవాళ్ళం. నాది సంచులు కుట్టే పని. నా కుట్టు ఊడిందని ఒక్కరు అనలేదు, అదలా ఉంచు. గోడౌను వెనకాల సిమెంటుతో కట్టిన గుండ్రటి గాదెలుండేవి, మేడంత ఎత్తు. పైన మూతలోంచి గింజలు పోసి, కింద తలుపు తీసి బెల్టు మీదకి వదిలేవాళ్ళు. ఆ బెల్టు మోటారుకి ఓ పద్ధతి ఉండేది. "మోటారు వేస్తున్నా" అని అరవాలి, అటువైపు నుంచి "వెయ్యి" అని కేక వచ్చేదాకా ఆగాలి. ఆ రోజు పెద్దన్నయ్య అరిచాడు. ఆగలేదు. అటువైపు బెల్టు కింద చెయ్యిపెట్టి గింజలు దులుపుతున్నది చిన్నన్నయ్య. మోచేతి దాకా పోయింది.

అక్కణ్ణుంచి మొదలైంది పెద్దన్నయ్య భక్తి. అంతకుముందు చర్చికొస్తే వెనక బెంచీలో కునుకు తీసే రకం. ఇప్పుడేమో పనికి ముందు ఓసారి, పనయ్యాక ఓసారి వెళ్ళి మోకాళ్ళేసేవాడు. "ప్రభువా, క్షమించానని ఒక్క మాట చెప్పు," ఇదే ఏడుపు. పైగా ఉపవాసాలు. మోకాళ్ళు కాయలు కాచిపోయి నల్లబడితే గోడౌనులో "మోకాళ్ళ బాబాయ్" అని పేరు పెట్టారు. పాస్టరుగారే విసిగిపోయి, "ఆయనకేం చెవుడు లేదు నాయనా, లే, ఇంటికెళ్ళు" అనేవారు. ఇంతా చేసి, చిన్నన్నయ్య గడప మాత్రం తొక్కలేదు. చెయ్యి పోయాక వాణ్ణి గేటు దగ్గర కాపలాకి పెట్టారు, ఆ గేటు తప్పించుకోవడానికి ఈయన వెనక సందులోంచి తిరిగొచ్చేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "వాడి దగ్గరికెళ్ళి క్షమించమని ఓ మాట అను" అంటే, "ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనే? ముందు దేవుడు క్షమించనీ, అప్పుడెళ్తా" అనేవాడు. ఏళ్ళు గడిచిపోయాయి అలాగే.

వస్తున్నా, అసలు సంగతికే వస్తున్నా, తొందరపెట్టకు. ఓ మధ్యాహ్నం కింద తలుపు తీస్తే గింజలు రావడం ఆగిపోయింది. తేమకి గోధుమలు పైన అట్టకడతాయి. చూడ్డానికి నేలలా గట్టిగా ఉంటుంది, అడుగున అంతా బోలు. నడుముకి తాడు కట్టుకుని దిగి గెడతో పొడవాలి. ఆ రోజు దిగిన పెద్దన్నయ్య తాడు కట్టుకోలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. దేవుడికి నేను కావాలంటే ఆయనే పట్టుకుంటాడు, వద్దనుకుంటే వదిలేస్తాడు, ఇవాళతో తేలిపోవాలి అనుకున్నాట్ట. దేవుడికి పరీక్ష పెట్టే మొనగాడు. కాలు పెట్టగానే అట్ట విరిగి చంకల దాకా దిగబడిపోయాడు. కేక విని అందరం మెట్లెక్కి పరిగెత్తాం. మూతలోంచి చూద్దును కదా, తలా భుజాలూ, అంతే. గింజల్లో దిగబడ్డవాడు కదలకూడదమ్మా. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ కాస్త సందులోకీ గింజలొచ్చి రొమ్ము బిగించేస్తాయి, మళ్ళీ పీల్చడానికి చోటుండదు. తాడేసి లాగితే భుజాలు ఊడొస్తాయి గానీ మనిషి రాడు. చుట్టూ చెక్కలు దింపి, లోపలి గింజలు తోడాలి. ఈయనేమో చేతులు కొట్టుకుంటూ "ప్రభువా, ప్రభువా" అని అరుపులు. అరిచినకొద్దీ దిగిపోతున్నాడు.

బరువైనవాడు దిగితే మిగిలిన అట్ట కూడా కూలుతుందని మేస్త్రి ఎవర్నీ దిగనివ్వడం లేదు. గేటు వదిలేసి చిన్నన్నయ్య వచ్చాడు. "నేను సన్నంగా ఉంటా, నన్ను దింపండి" అన్నాడు. "ఒంటిచేత్తో ఏం తోడతావురా" అన్నాడు మేస్త్రి. "చెక్కలు మీరు దింపండి. డబ్బా పట్టుకోవడానికి ఒక చెయ్యి చాలు." తాడు కట్టించుకుని దిగి, అడ్డంగా వేసిన పలక మీద బోర్లా పడుకుని తోడ్డం మొదలెట్టాడు. తోడిన చోటికి మళ్ళీ జారుతున్నాయి గింజలు. గాదెలో గుసగుసగా అన్నా పైకి మోగుతుంది, అందుకే ప్రతి మాటా విన్నాను. పెద్దన్నయ్య వాణ్ణి చూసి ముఖం తిప్పుకున్నాడు. ప్రాణం పోతూ కూడా తిప్పుకున్నాడు, చూడు. "పైకి పో. నాకిదే జవాబు. ఇన్నేళ్ళు అడిగా, ఒక్క మాట చెప్పలేదాయన." "నోరు మూసుకుని మెల్లిగా ఊపిరి తీసుకో అన్నయ్యా." "నన్ను క్షమించలేదురా." అప్పుడు చిన్నన్నయ్య డబ్బా ఆపేశాడు. "ఆస్పత్రి మంచం మీద నేనూ అడిగాను ఆయన్ని," అన్నాడు. "నిన్ను చంపెయ్యాలన్నంత కోపం నాకు. తీసెయ్యి ప్రభువా, మొయ్యలేను అన్నాను. తీసేశాడు. నేను ఇంటికొచ్చేలోపే తీసేశాడు. నువ్వడిగే ఆ మాట అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది, నీకు చెప్పమనే నాకిచ్చాడు. చెబుదామని పిలిస్తే పరిగెత్తేవాడివి."

పెద్దన్నయ్య చేతులు కొట్టుకోవడం మానేశాడు. ముఖం ఇటు తిప్పాడు. చెంపల మీద దుమ్ము తడిసి చారలు కట్టింది. "అయితే విన్నాడన్నమాట" అన్నాడు. "వినకపోతే నేనెందుకు దిగుతాను" అని వాడు మళ్ళీ డబ్బా ముంచాడు, తోడుతూనే ఉన్నాడు, ఆ ఒక్క చేత్తోనే, గోళ్ళల్లోంచి రక్తం కారుతున్నా...

ఏం లేదమ్మా. సాయంత్రానికి ఇద్దరూ పైకొచ్చారులే. ఆ ఫ్యాను కట్టెయ్యి, చలేస్తోంది.